సగం గేమ్‌కు సున్నా పడదు: ఫస్ట్ ఇయర్ ప్రాజెక్టుపై అపోహలు - వాస్తవాలు

"సార్, గేమ్ సగమే అయింది. సున్నా పడ్తదా?"

ఏటా సబ్మిషన్ వారంలో ఈ ప్రశ్న వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. ల్యాబ్ గుమ్మం దగ్గర, క్యాంటీన్‌లో, రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో, ఎక్కడ చూసినా ఇదే. మొన్న పరకాల నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "సార్, మా పిల్లగాడు మూడు దినాల సంది సక్కగ తింటలేడు. గదేందో గేమ్ అంట, అది అయితలేదంట" అన్నారు. ఆయనకు సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక, ఇక ఇది రాయాల్సిందేనని కూర్చున్నాను.

నేను హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్ట్ ఇయర్‌కు పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్తాను. సెమిస్టర్ చివర పైగేమ్‌తో (పైథాన్‌లో గేములు రాయడానికి వాడే లైబ్రరీ) ఒక ఆర్కేడ్ గేమ్ చేయిస్తాం. మొత్తం 40 మార్కులు. గేమ్ నడవడానికి 12, కోడ్‌కు 10, వైవాకు 14, రిపోర్టుకు 4. ఈ లెక్క మొదటి రోజే బోర్డు మీద రాస్తాను. అయినా పిల్లలు బోర్డును నమ్మరు, సీనియర్లను నమ్ముతారు.

అపోహ: గేమ్ పూర్తి కాకపోతే మార్కులు రావు. కాబట్టి ఎక్కడినుంచైనా పూర్తయిన గేమ్ తెచ్చి పెట్టడం నయం.

పిల్లలను నిండా ముంచేది ఈ ఒక్క మాటే. రెండేళ్ల కిందట ఒక అబ్బాయి డెమోకు వచ్చాడు. తెర మీద కొండలు, మబ్బులు, దూకుతూ నాణేలు ఏరుకునే బొమ్మ. వెనకాల సంగీతం కూడా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు కుర్చీలు జరుపుకొని మరీ వచ్చి చూశారు. నేను ఒకటే అడిగాను: "బాగుంది బిడ్డా. ఆ బొమ్మను ఇంకొంచెం ఎత్తుకు దూకించు." అంటే ఒక అంకె మార్చాలి, అంతే. వాడు మౌస్ చక్రం కిందికి తిప్పాడు, పైకి తిప్పాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ఏసీ ల్యాబ్‌లో వాడి చొక్కా తడిసిపోయింది.

తర్వాత కారిడార్‌లో అసలు సంగతి చెప్పాడు. 1,500 రూపాయలిచ్చి ఆ గేమ్ ఎవరి దగ్గరో కొన్నాడట. "మరి నువ్వేం చెయ్యలేదా?" అంటే పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో వాడు సొంతంగా రాసుకున్న ఇటుకల గేమ్ ఉంది. బంతి కదులుతోంది, బ్యాట్ కదులుతోంది, ఇటుకలు పగులుతున్నాయి. ఒకటే చిక్కు. బంతి పక్కపక్కనున్న రెండు ఇటుకలను ఒకేసారి తాకితే ఒక్కటే పగులుతోంది. ఆ ఒక్కదాని కోసం మూడు రాత్రులు కొట్లాడి, ఇది పనికిరాదనుకొని పక్కన పడేశాడు.

ఆ చిక్కుకు కారణం చాలామందికి తెలిసే ఉంటుంది. ఇటుకలన్నీ ఒక లిస్ట్‌లో ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే కోడే ఫర్ లూప్. ఆ లూప్ లిస్ట్ మీద తిరుగుతుండగానే అదే లిస్ట్‌లోంచి ఇటుకను తీసేస్తున్నాడు. ఒకటి తీసేయగానే వెనకున్నవన్నీ ఒక స్థానం ముందుకు జరుగుతాయి. లూప్ మాత్రం తన అడుగు తాను వేస్తుంది, దాంతో పక్క ఇటుక తప్పించుకుంటుంది. లిస్ట్ కాపీ మీద లూప్ తిప్పితే సరిపోతుంది. వాడికి ఆ మందు తెలియకపోయినా, "రెండు ఒకేసారి తాకితేనే ఇట్లయితుంది సార్" అని చెప్పగలిగాడు. నేను మనసులోనే మార్కులు వేసి చూశాను, 27 వచ్చాయి. కానీ సబ్మిట్ చేసింది కొన్న గేమ్. దానికి 9 పడ్డాయి. మళ్లీ డెమో పెడదామని పైవాళ్లను అడిగాను, రూల్ ఒప్పుకోదన్నారు. చేతిలో 27 పెట్టుకొని, 1,500 ఖర్చు చేసి 9 తెచ్చుకున్నాడు. ఇప్పటికీ కనబడితే నమస్తే పెడతాడు, నాకే ఏదోలా ఉంటుంది.

సగం గేమ్ అంటే సగం మార్కులని కూడా కాదు. పైన లెక్క చూడండి: నడవడానికి ఉన్నవి 12 మాత్రమే. మిగతా 28 నువ్వు ఏం రాశావో, అది నీకెంత తెలుసో, దానికి. మరి ఆ 28 కొనుక్కుంటే ఎట్లా వస్తాయి?

అపోహ: పాంగ్ లాంటి చిన్న గేమ్ తెస్తే సార్ చిన్నచూపు చూస్తాడు.

1972లో అటారీ కంపెనీలో కొత్తగా చేరిన ఇంజినీరు అలన్ అల్‌కార్న్‌కు చేయి తిరగడానికని ఇచ్చిన పనే పాంగ్, రెండు బ్యాట్లతో బంతిని అటూ ఇటూ కొట్టే ఆట. అది అంతా సర్క్యూట్లే, అందులో ప్రోగ్రామ్ అన్నదే లేదు. సర్క్యూట్‌లో ఉన్న లోపం వల్ల బ్యాట్ తెర పైఅంచు దాకా పోయేది కాదు. ఆట మరీ తేలిక కాకుండా ఉంటుందని అల్‌కార్న్ దాన్ని అట్లాగే వదిలేశారు. ఆ లోపంతోనే ఆ గేమ్ నడిచింది, జనం నాణేలు వేసి మరీ ఆడారు.

కిందటేడు ఒక అమ్మాయి పాంగ్ తెచ్చింది. రెండు తెల్ల దీర్ఘచతురస్రాలు, ఒక బంతి, అంతే. అప్పుడప్పుడు బంతి బ్యాట్‌లో ఇరుక్కుపోయి గజగజా వణికేది. నేను అడగకముందే తనే చెప్పింది: "సార్, బంతి బ్యాట్‌ను తాకినప్పుడు వేగం గుర్తు మారుస్తున్న. కానీ మరుసటి ఫ్రేమ్‌లో కూడా బంతి ఇంకా లోపలే ఉంటే మళ్లీ మారిపోతది. ప్లస్సు, మైనస్సు, ప్లస్సు, మైనస్సు. అందుకే వణుకుతున్నది." (ఫ్రేమ్ అంటే తెర మీద బొమ్మను ఒక్కసారి మళ్లీ గీయడం.) మరి ఎట్లా సరిచేస్తావంటే, "ఎడమ బ్యాట్‌కు తగిలితే గుర్తు మార్చుడు కాదు సార్, ఎప్పుడూ కుడివైపుకే పంపాలె" అంది. వైవాకు 14కు 14 వేశాను. ఆ వణుకు ఆ రోజు ఇంకా అట్లాగే ఉంది, సరిచేసే టైమ్ దొరకలేదట.

అంటే బగ్ (కోడ్‌లో లోపం) ఉంటే మార్కులు పోవా? నడకలో ఒకటో రెండో పోతాయి. దాచిపెడితే ఇంకా ఎక్కువ పోతాయి. డెమోలో బంతి బగ్ బయటపడే మూలకు పోకుండా జాగ్రత్తగా ఆడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నేను కీబోర్డు అడిగి తీసుకొని ముందు ఆ మూలకే కొడతాను.

అపోహ: మా ఇంట్లో నడిచింది, ఇక్కడ నడవట్లేదంటే ల్యాబ్ సిస్టమ్ తప్పు.

దాదాపు ఎప్పుడూ మీ తప్పే. బొమ్మ ఫైల్‌కు మీ ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ దారి మొత్తం రాస్తారు. ల్యాబ్ సిస్టమ్‌లో ఆ దారి ఎక్కడుంటుంది? కానీ దీనికి నేను గట్టిగా కోప్పడలేను. మేం చదువుకునే రోజుల్లో టర్బో సీ (సీ ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్) నీలం తెర మీద కోడ్ రాసి నేనొక కారు బొమ్మ గీశాను. బొమ్మలు గీయడం మొదలుపెట్టే ఇనిట్‌గ్రాఫ్ అనే ఫంక్షన్‌కు మా ఇంటి దగ్గర నెట్ సెంటర్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ ఫైళ్లున్న బీజీఐ ఫోల్డర్ దారి ఇచ్చాను. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు కాలేజీ సిస్టమ్‌లో ఆ ఫోల్డర్ వేరేచోట ఉంది. కారు రాలేదు, 'బీజీఐ ఎర్రర్' అన్న ఒక్క వరుస వచ్చింది. ఎగ్జామినర్ నా వైపు చూశారు, నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

ఇంట్లో వేగంగా ఆడిన గేమ్ ల్యాబ్‌లో నత్తనడక నడవడం కూడా ఇలాంటిదే. ఫ్రేమ్‌కు 5 పిక్సెళ్లు అని రాస్తే, సెకనుకు 60 ఫ్రేములు తిరగలేని పాత సిస్టమ్‌లో బంతి నెమ్మదిస్తుంది. రెండు ఫ్రేముల మధ్య ఎంత టైమ్ గడిచిందో తీసుకొని దానితో వేగాన్ని గుణించండి. ఫస్ట్ ఇయర్‌లో అది చెయ్యలేదని మార్కులు కొయ్యను. ఎందుకు నెమ్మదించిందో చెప్తే చాలు.

ఇక మిగతావి. 500 లైన్లు ఉండాలంట: లేదు, ఎవరు పుట్టించారో తెలియదు. ఒకడు లైన్లు పెంచడానికి 48 ఇటుకలను 48 వరుసల్లో విడివిడిగా రాశాడు, లూప్ లోపల లూప్ వేస్తే నాలుగు వరుసల పని. సౌండ్ ఉండాలా? వద్దు, నాకు తలనొప్పి. చౌరస్తా దగ్గర కలర్ ప్రింట్, స్పైరల్ బైండింగ్ చేయిస్తే? రిపోర్టుకు ఉన్నవి నాలుగే మార్కులు, అట్టకు ఒక్కటి కూడా లేదు. చాట్‌జీపీటీతో రాయిస్తే పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉందంట: నా దగ్గర ఏదీ లేదు, "ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్న ఉంది. ఫ్రెండ్‌ను అడగొచ్చా? అడగండి, ఏం అడిగారో రిపోర్టులో ఒక వాక్యం రాయండి. వైవా తెలుగులో చెప్తే తక్కువేస్తారా? పైన పాంగ్ అమ్మాయి ఏ భాషలో చెప్పిందో మళ్లీ చదవండి.

సబ్మిషన్‌కు ముందు ఒక పని చెయ్యండి. మీ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకొని మీది కాని ఇంకో సిస్టమ్‌లో నడిపి చూడండి. సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లు మొహమాటపడొద్దు. ఈ శనివారం సాయంత్రం ఐదింటి దాకా ల్యాబ్ తెరిచే ఉంటుంది, నేనూ అక్కడే ఉంటాను. పరకాల పిల్లగాణ్ని కూడా రమ్మన్నాను, ముందు ఇంత తిని రమ్మన్నాను.