కూతకొచ్చిన పుంజులతో మెలగడం

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు ఆశీస్సులు.

మీ పెరట్లోని ఆరు పెట్టలను నాలుగు పడుచు పుంజులు రోజంతా తరుముతున్నాయని, వాటిలో ఒకటి మనుషుల మీదికి కూడా ఎగురుతోందని, దానికి కర్రతో బుద్ధి చెప్పాలని మీరు అనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. కర్ర తీయకముందే ఈ ఉత్తరం చదవండి.

నాలుగైదు నెలలు వచ్చేసరికి పుంజుకు జుట్టు ఎర్రబడుతుంది, కూత వస్తుంది, మగ హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. మర్యాద మాత్రం అంత త్వరగా రాదు. ముదురు పుంజు ఒక రెక్క వాల్చి పెట్ట చుట్టూ తిరుగుతుంది, గింజ దొరికితే తాను తినకుండా కొక్కొక్కమని పెట్టలను పిలుస్తుంది. ఇవేవీ సరిగా రాని పడుచు పుంజు పెట్టను వెంటపడి మెడ పట్టుకుంటుంది. పెరట్లో పెద్ద పుంజు, గట్టి పెట్టలు ఉంటే అవే పొడిచి దాన్ని అదుపులో పెడతాయి. ఒకే ఈడు పిల్లలను మాత్రమే పెంచిన చోట ఆ పెద్దరికం ఉండదు కనుక, తప్పు పుంజుది అనడం కంటే మన ఏర్పాటుది అనడమే న్యాయమని నా అభిప్రాయం.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరుస ఉంటుందని 1920ల ఆరంభంలో నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్-ఎబ్బె వివరించాడు. తెల్లవారుజామున ముందు కూసేది ఆ వరుసలో మొదటి పుంజేనని, మిగతావి దాని తరువాతే వరుసగా అందుకుంటాయని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించారు. మీరూ ఒకనాడు పెందలాడే లేచి వినండి.

ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆరింటికి నాలుగు ఉంటే పెట్టల వీపు మీద ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది. గుడ్లు పెట్టడానికి పుంజుతో పనే లేదు, పొదగేయడానికే అవసరం. కాబట్టి ఒక్కదాన్ని ఉంచి మిగిలిన మూడింటిని పెట్టలు కనిపించని చోట వేరే దడి కట్టి పెంచండి. పెట్టలు ఎదుట లేకపోతే పుంజులు చాలావరకు సర్దుకుపోతాయి. అవి చివరికి కూరకే పోతాయన్న మాట మీకు నచ్చకపోయినా దాచను. పందేలకు అడిగేవారికి మాత్రం ఇవ్వవద్దు. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఉంచుకునేదాన్ని డేగ అనో నెమలి అనో ఈకల రంగును బట్టి పిలిచే పేరు చూసి ఎంచకండి. గింజ చూసి పెట్టలను పిలిచేది, మనిషిని చూసి పక్కకు తప్పుకునేది మంచి పుంజు.

మీదికి వచ్చే పుంజును తన్నినా, కొట్టినా దానికి అది మరో పుంజు విసిరిన సవాలే. పరుగెత్తితే గెలిచాననుకుంటుంది. చేటనో బకెట్టునో అడ్డుపెట్టుకుని కదలకుండా నిలబడి, అది తగ్గాక నెమ్మదిగా నడవండి. దాని ఎదుట పెట్టను పట్టుకోకండి. చిన్నప్పటి నుంచి ఒళ్లో పెట్టుకుని ముద్దు చేసిన పుంజుకు మనిషంటే బెదురు పోయి, మనల్నీ పోటీదారులుగా లెక్కవేస్తుంది. ఇప్పుడు బొడిపెల్లా ఉన్న కాలిముళ్లు ఏడాది దాటాక పొడవుగా, పదునుగా తయారవుతాయి. పుంజు ఎగిరితే చిన్నపిల్లల కళ్లకు ప్రమాదం కనుక వారిని ఒంటరిగా పెరట్లోకి పంపవద్దు.

నూకలు, తవుడు ఒకేచోట కాక మూడు చోట్ల వేయండి. పెట్టలు చాటుకు పోవడానికి రెండు చెక్కలు ఏటవాలుగా నిలబెట్టండి. వేరుచేసిన పుంజును చాలా రోజుల తరువాత తిరిగి కలపవలసి వస్తే అది మిగతావాటికి కొత్తదే అవుతుంది. చీకటి పడ్డాక గూట్లో వదిలి, తెల్లవారగానే పెద్దవాళ్లు ఎవరైనా దగ్గర ఉండి చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య