అమ్మ చెయ్యి మంచిదే, బటనే చిన్నది

మా అమ్మ ఫోన్‌ల కరెంటు బిల్లు కట్టాలంటే ప్రతిసారి నా బిడ్డను పిలుస్తది. "నా చెయ్యి మంచిది కాదు, నువ్వు నొక్కు బుజ్జీ" అంటది. ఆమె 'కట్టు' బటన్ నొక్కితే కిందున్న 'రద్దు' పడి మళ్లా మొదటికొస్తది, ఆరేండ్ల పిల్ల నొక్కితే బిల్లు టక్కున పోతది. విత్తనాలు పెట్టాలన్నా చేతి గుణం చూసే ఇల్లు మాది, ఇగ ఫోన్‌కు కూడా అదే లెక్క వచ్చింది! మొన్న హన్మకొండల ఇంట్ల కూసొని, పిల్ల జామెట్రీ బాక్స్‌ల స్కేలు తీసి కొలిచిన. బటన్ ఎత్తు 4 మిల్లీమీటర్లు, రెండింటి నడుమ సందు 1. అమ్మ వేలు ఆనే జాగ దగ్గర దగ్గర సెంటీమీటరు. పిల్లది అందుల సగం. హస్తవాసి అంటే గిదీ.

దీనికి 1954లనే పాల్ ఫిట్స్ అనే అమెరికా సైకాలజిస్టు లెక్క కట్టిండు. మనుషుల చేతికి ఒక పుల్లలాంటి పరికరమిచ్చి, రెండు లోహపు పట్టీల మీద అటొకటి ఇటొకటి గబగబ కొట్టమన్నడు, పట్టీల వెడల్పు, నడుమ దూరం మార్చుకుంట పోయిండు. తేలిందేందంటే, దూరాన్ని రెండింతలు చేసి వెడల్పుతో భాగించి, దాని లాగ్ (2 బేస్‌తోటి) తీస్తే ఆ పని కష్టమెంతనో బిట్లల్ల వస్తది, బిట్టంటే ఇక్కడ కష్టాన్ని కొలిచే కొలత. ఇంటర్‌ల మాకు లాగ్ టేబుల్ చూసుడు నేర్పిన్రు గనీ, ఈ లాగ్ అంటే ఎన్నిసార్లు సగం చేస్తే 1 వస్తదో అదేనని ఒక్క సారూ చెప్పలే. అమ్మ వేలు అంకెల కాడి నుంచి బటన్ దాకా నిలువుగ 64 మిల్లీమీటర్లు పోవాలె, గందుకే ఇక్కడ వెడల్పంటే బటన్ ఎత్తే. 128ని 4తో భాగిస్తే 32, ఐదుసార్లు సగం చేస్తే 1, అంటే 5 బిట్లు. బటన్ ఎత్తు 8 చేస్తే 4 బిట్లే. బిట్టుకు ఇంచుమించు సెకనుల పదో వంతు పడతది, ఆ టైం ఇయ్యకుండ తొందరపడితే గురి తప్పుతది.

గోటీలాడినోళ్లకు ఇది కొత్త కాదు. దూరమున్న గోటీని కొట్టాలంటే ఒక కన్ను మూసి నిదానంగ చూస్తం, అదే దూరంల పెద్ద గోలీసోడా గోటీ ఉంటే అంత చూడం. దూరం రెండింతలై గోటీ కూడా రెండింతలైతే? కష్టం మొదటంతే, లెక్కల రెండూ కొట్టేసుకుంటయి. ఇంకో మజా ఉంది, కంప్యూటర్‌ల మౌస్ బాణం స్క్రీన్ అంచుకు పోయి ఆగుతది, గోడకు తగిలినట్టు. ఆపిల్ వాళ్ల మాక్ కంప్యూటర్‌ల మెనూ పైఅంచుకే ఉండుడుతోటి లాభం ఇదే, ఎంత జోరుగ తోసినా దాటిపోదు, అంటే ఆ బటన్ అటుదిక్కు అంతులేనంత పెద్దది. ఫోన్‌ల ఈ గోడ లేదు, వేలు బయటికి జారుతది. ఆండ్రాయిడ్ ఫోన్‌ల బటన్‌కు గూగుల్ చెప్పే కనీసం కొలత 48 డీపీ (ఒక డీపీ అంటే అంగుళంల 160వ వంతు), లెక్క కడితే 7.6 మిల్లీమీటర్లు.

ఇగ యాప్ చేసేటోళ్లు "మంచిగుందా పెద్దమ్మా?" అని అడుగుతరు. ఆమె "మంచిగనే ఉంది బిడ్డా" అంటది, ఇంటికొచ్చిన పిల్లగాని మనసు ఎందుకు విరుస్తది? అడుగుడు బంద్ చేసి, పని చెప్పి, నోరు మూసుకొని వేలు ఎటు పోతదో చూడాలె. నేను నోట్‌బుక్ కాగితం మీద పెద్ద పెద్ద బటన్లు గీసి అమ్మ ముందర పెట్టిన, బిల్లు కట్టమన్న. వేలు సక్కగ 'కట్టు' మీదికే పోయింది, గనీ నొక్కకుండ ఆగింది. "ఈ రద్దు ఎందుకు పెట్టినవ్ రా పక్కన్నే? నేను కట్టనీకె వచ్చిన గద."

రబ్బరు తెచ్చి చెరిపి పైమూలకు గీసిన.