చెవులపిల్లి పిల్లని ఇంటికి తెస్తే ఎందుకు బతకదు

ఉలవ చేను కోసేటప్పుడో, జీడితోటలో తుప్పలు కొట్టేటప్పుడో చెవులపిల్లి (అడవి కుందేలు) పిల్ల ఒకటి దొరుకుతుంది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది. తల్లి ఎక్కడా కనబడదు. పాపం, దిక్కులేనిదనుకుని ఎవరో తువ్వాల్లో చుట్టి ఇంటికి తెస్తారు. ఆవుపాలు పట్టి అట్టపెట్టెలో ఉంచుతారు. కొన్నాళ్ళకి విరేచనాలు, పొట్ట ఉబ్బరం, ఆ తర్వాత చావు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇది కొత్త కాదు. బెంగ పెట్టుకుని పోయిందంటారు. బెంగ, పడని పాలు కూడా కారణాలే. వాటికి తోడు కంటికి కనబడని కారణం ఇంకొకటి ఉంది. అమెరికాలో ఒక కుందేలు జాతిని కాపాడబోయి పేరున్న సంస్థలే దాని చేతిలో దెబ్బ తిన్నాయి.

ఆ పరాన్నజీవి పేరు ఐమీరియా, అది తెచ్చే జబ్బు కాక్సిడియోసిస్. కోళ్ళు పెంచేవాళ్ళందరికీ ఈ మాట తెలుసు. 1674లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్, తను సానబట్టిన కటకం కింద కుందేలు పిత్తాన్ని పెట్టి చూస్తే కోలగా ఉన్న కణాలు కనిపించాయి. అవి ఐమీరియా గుడ్లేనని ఇప్పటివాళ్ళ నమ్మకం. ఇందులో ఒక రకం కార్జంలో చేరుతుంది. అలాంటి కుందేలుని కోస్తే కార్జం నిండా తెల్లటి, పసుప్పచ్చటి బొడిపెలు కనబడతాయి. మిగతా రకాలు పేగుల్ని పాడుచేస్తాయి.

పెంటికతో బయటపడ్డ గుడ్డు అప్పటికప్పుడు ఏమీ చెయ్యదు. తేమ, వెచ్చదనం, గాలి తగిలితే రెండు మూడు రోజుల్లో పండి, మింగినవాళ్ళ కడుపులో చేరడానికి సిద్ధమవుతుంది. దాని పెంకు ఎంత గట్టిదంటే మామూలు ఫినాయిల్‌కి, బ్లీచింగ్‌కి లొంగదు. ఎండకి, మరిగే నీళ్ళకి మాత్రం చస్తుంది. కుందేళ్ళని వల అడుగున్న గూళ్ళలో పెంచమనేది అందుకే. పెంటిక కిందికి రాలిపోతే దాన్ని మళ్ళీ తినే వీలుండదు. పెద్ద కుందేలు కడుపులో ఈ జీవి కొద్దిపాటిగా ఉన్నా బయటికి తెలియదు. పాలు మానే వయసు పిల్లల్ని మాత్రం తీసుకుపోతుంది.

చెవులపిల్లికి అడవిలో ఇదేమీ కొత్త శత్రువు కాదు. అది బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్ళు పట్టేంత గుంట చేసుకుని పడుకుంటుంది. రాత్రి మేతకి దూరం తిరుగుతుంది కాబట్టి పెంటికలు చెల్లాచెదురవుతాయి, మర్నాటి ఎండకి మాడిపోతాయి. కడుపులో నాలుగు గుడ్లు పడినా తట్టుకునే శక్తి దానంతట అదే వస్తుంది. అదే పిల్లని అట్టపెట్టెలో పెడితే, కడుపులో తెచ్చుకున్న ఆ కాస్త జబ్బే దాని పెంటికలోంచి మళ్ళీ దాని నోట్లోకే వెళ్తుంది. ఇంట్లో పెంచే తెల్ల కుందేలు నుంచి అంటిందనుకుంటారేమో, అది వేరు జాతి. ఐమీరియా రకాలు చాలావరకు ఏ జంతువువి ఆ జంతువుకే పరిమితం. అందుకని పిల్ల చస్తే నేరం తెల్ల కుందేలు మీద వేయనక్కర్లేదు, ఇరుకు గూడు చాలు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా బేసిన్ పిగ్మీ కుందేలు విషయంలో జరిగింది కూడా ఇదే. అర కిలో మించని ఆ ప్రాణి, సేజ్‌బ్రష్ తుప్పల్లో బతుకుతుంది. తుప్పలు కొట్టి పొలాలు చేసుకోవడంతో దాని చోటు ముక్కలైపోయింది. 2001లో మొదలుపెట్టి, మిగిలినవాటిలో 16 కుందేళ్ళని పట్టి ఒక విశ్వవిద్యాలయంలో, జూల్లో పెంచడం మొదలుపెట్టారు. ఉన్నవే కొన్ని, అన్నీ దగ్గరి చుట్టాలు, ఒంట్లో సత్తువ లేదు. అవి తిరిగే మట్టిలో ఐమీరియా గుడ్లు పేరుకుపోయాయి. పుట్టిన పిల్లలు కాక్సిడియోసిస్‌తో రాలిపోయాయి. పెద్దవాటికి క్షయ కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా జబ్బు తోడైంది. చివరికి పక్క రాష్ట్రం ఐడహోలోని పిగ్మీ కుందేళ్ళతో కలిపి జాతిని నిలబెట్టారు. అసలు రక్తపు చివరి కుందేలు 2008లో చనిపోయింది. 2007లో బయట వదిలిన 20 కుందేళ్ళలో దాదాపు అన్నీ వేటజంతువుల పాలయ్యాయి. 2011 నుంచి తుప్పల మధ్యే పెద్ద ఆవరణలు కట్టారు. కొన్నేళ్ళకి ఆ మట్టిలోనూ జబ్బు పేరుకునేసరికి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చగలిగే చిన్న ఆవరణలకి వచ్చారు. మందులూ వాడారు. కానీ నిజంగా పనికొచ్చింది చోటు మార్చడమేనని నా అభిప్రాయం.

పరాన్నజీవి అనగానే తుడిచిపెట్టెయ్యాలనుకోవడమూ సరి కాదు. జపాన్‌లోని అమామి దీవుల్లో మాత్రమే మిగిలిన నల్ల కుందేలు ఒంటిమీద, దాన్నే నమ్ముకుని బతికే ఒక పిడుదు జాతి ఉంది. ఆ కుందేలు పోతే అదీ పోతుంది. ఆ దీవుల్లో కుందేళ్ళకి అసలు ముప్పు పిడుదు వల్ల రాలేదు, 1979లో పాముల కోసమని మనుషులు తెచ్చి వదిలిన ముంగిసల వల్ల వచ్చింది. వాటిని పూర్తిగా తొలగించామని 2024లో గానీ ప్రకటించలేకపోయారు.

మన చెవులపిల్లి అంతరించే జాతుల జాబితాలో లేదు, అందుకు సంతోషించాలి. అయినా మెట్టభూములు లేఅవుట్లవుతున్నకొద్దీ, కొండవార తుప్పలు తరుగుతున్నకొద్దీ మిగిలినవన్నీ కొద్దిపాటి చోట్లకే చేరతాయి. పెంటికలూ అక్కడే పడతాయి. పిల్ల కనబడితే తియ్యకండి. చెవులపిల్లి పిల్ల వెంట్రుకలతో, తెరిచిన కళ్ళతోనే పుడుతుంది. తల్లి పగలంతా దూరంగానే ఉండి చీకటి పడ్డాక పాలివ్వడానికి వస్తుంది. అప్పటికే తెచ్చేసి ఉంటే ఆ సాయంత్రమే, దొరికిన చోటే తుప్ప మొదట్లో పెట్టెయ్యండి.

కుక్కల సంగతి కూడా చెప్పాలి. కుక్క పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు గుడ్లు దాని మలంతో గడ్డి మీద పడి చెవులపిల్లి కడుపులోకి వెళ్తాయి. అక్కడ పొట్ట లోపలి పొరలకి బఠాణీ గింజంత నీటి బుడగలుగా వేలాడతాయి. ఒక్కో బుడగలో చిన్న తెల్లటి చుక్క ఉంటుంది, అదే పురుగు తల. కుక్కల్ని వదిలి వేటాడే చోట, కోసిన చెవులపిల్లి పేగులు అక్కడే ఆ కుక్కలకి విసిరేస్తారు. దాంతో పురుగు మళ్ళీ కుక్కలోకి చేరి, మళ్ళీ చేలల్లోకి వస్తుంది. ఈ రకం మనుషులకి సోకదు. చెవులపిల్లిని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ వేట ఎలాగూ మానాలి. ఊరి కుక్కలకి మాత్రం పశువుల ఆసుపత్రిలో అడిగి నులిపురుగుల మందు వేయించవచ్చు. బద్దెపురుగుకి పనిచేసే మందే కావాలని డాక్టరుతో విడిగా చెప్పండి. గుండ్రటి పురుగులకిచ్చే మందులన్నీ దీని మీద పనిచెయ్యవు.