ఉత్పరివర్తనాలు, ప్రోటీన్లు: తరగతి గదిలో వినిపించే అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు జన్యుశాస్త్రంలో ఉత్పరివర్తనాల గురించి, అంటే డీఎన్‌ఏలో వచ్చే మార్పుల గురించి, బోధించేటప్పుడు ఎదురయ్యే అపోహలలో చాలావాటికి ఒకే ఒక కోడాన్‌తో (ప్రోటీన్‌లోని ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్‌ఏ అక్షరాల వరుసతో) జవాబు చెప్పవచ్చునని నా అభిప్రాయం. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ గొలుసులో ఆరవ స్థానంలోని జీఏజీ.

అపోహ: డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారినా ప్రోటీన్ చెడిపోతుంది.

వాస్తవం: మొత్తం 64 కోడాన్లలో 61 కోడాన్లు కలిసి 20 అమైనో ఆమ్లాలనే సూచిస్తాయి. అందువల్ల జీఏజీ కాస్తా జీఏఏగా మారినా గ్లుటామిక్ ఆమ్లమే వస్తుంది, ప్రోటీన్‌లో తేడా ఉండదు. మొదటి అక్షరం మారి ఏఏజీ అయితే లైసిన్ చేరి హీమోగ్లోబిన్-సి ఏర్పడుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే సంక్రమించినా రక్తహీనత సాధారణంగా తేలికగానే ఉంటుంది. మధ్య అక్షరం మారి జీటీజీ అయినప్పుడు మాత్రం, నీటితో పొసగని వాలైన్ అణువు ఉపరితలం మీదికి వస్తుంది; ఆక్సిజన్‌ను వదిలిన హీమోగ్లోబిన్ అణువులు దాని ఆధారంగా ఒకదానికొకటి అతుక్కొని, పొడవాటి పోగులుగా పేరుకొని, ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. సికిల్ సెల్ అనే ఈ వ్యాధిలో మారింది ఆ ఒక్క అమైనో ఆమ్లమేనని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ నిరూపించాడు. (ప్రోటీన్ తయారీ మొదలయ్యే ఏటీజీ కోడాన్ నుంచి లెక్కపెట్టే విద్యార్థికి ఇది ఏడవ కోడాన్‌గా తేలుతుంది. ఏటీజీ సూచించే మెథియోనిన్ ఆ తర్వాత తొలగిపోతుందని ముందే చెప్పకపోతే ఆ పూటంతా లెక్కల దగ్గరే గడిచిపోతుంది.)

అపోహ: ఎన్ని ఎక్కువ అక్షరాలు పోతే అంత ఎక్కువ నష్టం.

వాస్తవం: అదే జీఏజీలో ఏ ఒక్క అక్షరం లోపించినా, అక్కడి నుంచి మూడేసి అక్షరాల వరుస మొత్తం పక్కకు జరిగి, ఆ జన్యువు నుంచి పనికివచ్చే బీటా గ్లోబిన్ తయారే కాదు, ఇది బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనతకు ఒక కారణం. మూడు అక్షరాలు పోతే వరుస చెదరదు, ఒక అమైనో ఆమ్లం మాత్రమే తగ్గుతుంది. అలాగని అది క్షేమమని చెప్పకూడదు: ఊపిరితిత్తులను దెబ్బతీసే వంశపారంపర్య వ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో సాధారణంగా కనిపించే ఉత్పరివర్తనంలో 1480 అమైనో ఆమ్లాలలో 508వది ఒక్కటే లోపించినా, ప్రోటీన్ సరిగా ముడుచుకోక, కణమే దానిని చాలావరకు నాశనం చేస్తుంది.

అపోహ: ఉత్పరివర్తనం జరగగానే శరీరంలో ఉన్న ప్రోటీన్లు మారిపోతాయి.

వాస్తవం: ఉన్నవి మారవు. ఆ తర్వాత కొత్తగా తయారయ్యేవే మారతాయి.

అపోహ: మేనరికం వల్ల ఉత్పరివర్తనాలు పుడతాయి.

వాస్తవం: మన సీమలో ఈ ప్రశ్న రాకుండా పాఠం ముగియదు. ఎదురుగా కూర్చున్నవారిలో మేనరికపు దంపతుల పిల్లలూ ఉంటారు కనుక మాట ఆచితూచి వాడాలి. మేనరికం కొత్త మార్పును సృష్టించదు. పూర్వీకుల నుంచి వచ్చిన ఒకే మార్పు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశాన్ని పెంచుతుంది. థలసీమియా వాహకులలో మార్పు లేని రెండవ జన్యువు తగినంత బీటా గ్లోబిన్‌ను తయారుచేస్తుంది కాబట్టి స్వల్ప రక్తహీనతకు మించి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు లోపభూయిష్ట జన్యువులూ సంక్రమించే అవకాశం 25 శాతం.