సెలైన్ పెట్టిన చోట వాపు: గేదెలు, కుక్కల విషయంలో అపోహలు - వాస్తవాలు

గేదెకు సెలైన్ ఎక్కించిన మర్నాడు మెడ వాస్తే కోనసీమ నుంచి కొల్లేటి గట్టు దాకా వినపడే మాట ఒకటే: "మందు వేడి చేసింది." అది వేడి చేయడం కాదు. నరంలోకి పోవాల్సిన మందు బయట కండలోకి కారి ఉండొచ్చు, నరం లోపలి గోడ రేగి నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు, సూది వెంట మురికి లోపలికి పోయి ఉండొచ్చు. మూడింటికీ పైకి కనబడేది వాపే. చేయాల్సిన పని మాత్రం వేరు వేరు. (ఊళ్లో నరం అనేది రక్తనాళాన్నే కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం.)

అపోహ: పసుపు, సున్నం పట్టు వేసి గట్టిగా రుద్దితే వాపు కరిగిపోతుంది

ముందు వేళ్లతో తడిమి చూడండి. మందు కారిన వాపు సెలైన్ నడుస్తుండగానో, ఆపిన కాసేపటికో వస్తుంది. మెత్తగా, చల్లగా ఉంటుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. నెత్తురు గడ్డకట్టిన నరం చర్మం కింద పలుపుతాడులా గట్టిగా చేతికి తగులుతుంది, నొక్కితే పశువు మెడ లాక్కుంటుంది. చీము పట్టే వాపు వేడిగా ఉంటుంది, జ్వరం వస్తుంది, మేత తగ్గుతుంది. కుక్కకైతే చర్మం ఎర్రబడటం కనిపిస్తుంది. గేదె నల్లటి చర్మం మీద ఎరుపు కనపడదు, కాబట్టి అరచేతి వెనకభాగం ఆనించి రెండు వైపులా వేడి పోల్చి చూడాలి.

సూది గుచ్చిన చోట సున్నం రాస్తే చర్మం పొక్కుతుంది. గట్టిగా రుద్దితే గడ్డ ముక్క కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. వాత పెడితే ఉన్న పుండుకు ఇంకో పుండు తోడవుతుంది. ఉత్త సెలైన్ కారి ఉంటే సూది తీసేస్తే చాలు, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఇంకిపోతుంది. నరం గట్టిపడితే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను 10-15 నిమిషాలు, రోజుకు 3-4 సార్లు ఆనించాలి. రుద్దకూడదు. ఆ నరంలో మళ్లీ సూది గుచ్చకూడదు. మెడకు రెండో వైపున్న నరాన్ని కూడా అంతే జాగ్రత్తగా కాపాడుకోవాలి. రెండూ పూడుకుపోతే తలలోంచి నెత్తురు కిందికి దిగే దారి ఇరుకై మొహం వాస్తుంది. చీము పట్టిన గడ్డను అశ్రద్ధ చేస్తే అందులోని క్రిములు గుండె కవాటాల మీద చేరవచ్చు. ఆ స్థితికి వచ్చిన పశువు దక్కడం కష్టం. జ్వరం కనబడిన రోజే డాక్టరు గారికి చూపించాలి, పశువుల అంబులెన్సు నంబరు 1962 కి ఫోన్ చేసినా సరే.

అపోహ: కాల్షియం సీసా ఎంత తొందరగా ఎక్కితే గేదె అంత తొందరగా లేస్తుంది

ఈనిన గేదె పాలజ్వరంతో (నెత్తుట్లో కాల్షియం తగ్గి) పడిపోయినప్పుడు ఇంటిల్లిపాదీ కంగారు పడతారు, సీసా ఇంకా పైకెత్తమంటారు. 450 మి.లీ. సీసా కనీసం 15-20 నిమిషాలు నడవాలి. వేగంగా పోతే కాల్షియం గుండె లయ తప్పిస్తుంది, గుండె ఆగిపోనూ వచ్చు. సీసా నడుస్తున్నంతసేపూ ఒకరి చెవి గుండె మీదే ఉండాలి. గుండె బాగా మందగించినా, కొట్టుకోవడం తడబడినా ఆపేయాలి.

మందు కారేది కూడా ఇక్కడే ఎక్కువ. మెడ నరంలో పెట్టిన పొడవాటి ఇనుప సూది, గేదె ఒక్కసారి తల విదిలిస్తే నరం అవతలి గోడను చీల్చేస్తుంది. తల పట్టుకునే మనిషి తప్పనిసరి. మెత్తటి ప్లాస్టిక్ కాన్యులా, అంటే నరంలో ఉంచే సన్నటి గొట్టం (పెద్ద పశువుకు 14 గేజ్, నారింజ రంగు మూతది; గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది) పెడితే ఈ గండం చాలా తగ్గుతుంది. సూది నరంలోనే ఉందో లేదో తెలుసుకోవడం సులువు. సీసాను పశువు మెడ కన్నా కిందికి దించితే గొట్టంలోకి నెత్తురు వెనక్కి రావాలి. రాకపోతే ఒక్క చుక్క కూడా పోనివ్వకండి. అప్పటికే కారి ఉంటే సూది వెంటనే లాగేయకుండా, దానికే సిరంజి తగిలించి వచ్చినంత మందు వెనక్కి లాగి, ఆ తర్వాతే తీయాలి. చుట్టూ సెలైన్ ఎక్కించి మందును పలచన చేయాలా వద్దా అన్నది డాక్టరు గారు చూసి నిర్ణయిస్తారు.

అపోహ: గేదె తోలు మందం, స్పిరిట్ దూది ఒక్కసారి తుడిస్తే చాలు

తోలు మందమైనా సూది దాన్ని దాటే లోపలికి పోతుంది, దారిలో ఉన్న మట్టిని వెంట తీసుకుపోతుంది. పొద్దున్నే కాలువలో పొర్లి వచ్చిన గేదె మెడ మీద ఎండిన బురద మీదుగా స్పిరిట్ రాస్తే బురద తడుస్తుంది, అంతే. సబ్బు నీళ్లతో కడిగి, వెంట్రుకలు కత్తిరించి, క్రిములు చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో గుచ్చే చోటు నుంచి బయటికి గుండ్రంగా తుడవాలి. వెనక్కి రాకూడదు. దూది మీద మురికి కనబడకుండా పోయేదాకా కొత్త దూది తీసుకోవాలి. పోవిడోన్ అయోడిన్ అయితే రెండు నిమిషాలు ఉండనివ్వాలి. ఏది వాడినా ఆరాకే సూది. తుడిచిన చోటును "నరం దొరికిందా" అని మళ్లీ ఉత్త వేలితో తడమకూడదు. ఈ తప్పు అందరం చేసేదే, దానివల్ల కూడా చీము పట్టొచ్చు. సూది తీసిన రోజు గేదెను కాలువలోకి, చెరువులోకి దించకండి.

అపోహ: కుక్కకు పెట్టిన కాన్యులా మూడు రోజుల దాకా కదపక్కర్లేదు

కొందరు మూడు రోజులు కట్టు విప్పరు. ఇంకొందరు బాగున్నదాన్ని కూడా మూడో రోజు తీసేసి కొత్త కాలికి గుచ్చుతారు. రెండూ పొరపాటే. నొప్పి, వాపు, వేడి లేకుండా సెలైన్ హాయిగా నడుస్తుంటే గడియారం చూసి తీయక్కర్లేదు. తేడా కనబడితే ఆరు గంటలకే అయినా తీసేయాలి. ప్రాణం మీదికొచ్చి, శుభ్రం చేసే తీరిక లేకుండా పెట్టినదాన్ని మాత్రం కుక్క కుదుటపడగానే, మహా అయితే మర్నాటికి మార్చాలి. మన దగ్గర ఉక్కకు ప్లాస్టర్ కింద చెమ్మ చేరి జారిపోతుంది. తడిసిన కట్టును ఆ పూటే మార్చండి. పర్వో (వాంతులు, విరేచనాలు పట్టించే వైరస్ జబ్బు) సోకిన కుక్కపిల్లకు విరేచనం తగలకుండా ముందుకాలికే పెట్టాలి. చిన్న పిల్లకు 24 గేజ్ (పసుపు రంగు), కాస్త పెద్దదానికి 22 (నీలం).

రోజుకు కనీసం రెండుసార్లు కట్టు విప్పి గుచ్చిన చోటు చూడాలి. కాలి వేళ్లను మాత్రం వీలైనన్నిసార్లు చూడండి. కట్టు కింద పాదం ఉబ్బి, వేళ్లు విడివిడిగా విచ్చుకుంటే ప్లాస్టర్ బిగిసిందన్నమాట. పాదం బాగానే ఉండి కాన్యులా కొస ఉన్నచోటా దాని పైనా ఉబ్బితే మందు కారుతోందన్నమాట. మొదటిదానికి కట్టు వదులు చేస్తే సరిపోతుంది, రెండోదానికి కాన్యులా తీయాల్సిందే.

అపోహ: కాన్యులా మూసుకుపోతే చిన్న సిరంజితో గట్టిగా తోస్తే తెరుచుకుంటుంది

సిరంజి ఎంత చిన్నదైతే ఒత్తిడి అంత ఎక్కువ. తెరుచుకుందంటే లోపలి గడ్డ నరంలోకి పోయిందని, లేదా నరం చిట్లిందని అర్థం. ముందు కాలు చాపి చూడండి. కుక్క మోచేయి మడిచి పడుకున్నా సెలైన్ ఆగుతుంది. 6 గంటలకోసారి రెండు మూడు మి.లీ. సెలైన్ మెల్లగా పంపితే చాలావరకు మూసుకుపోదు. కాళ్ల నరాలకు హెపారిన్ (నెత్తురు గడ్డకట్టనివ్వని మందు) అక్కర్లేదు.

అపోహ: గొట్టంలో ఒక్క గాలి బుడగ పోయినా ప్రాణం పోతుంది

రెండు మూడు చిన్న బుడగలతో ఏమీ కాదు, అవి ఊపిరితిత్తుల్లో ఆగి కరిగిపోతాయి. భయపడాల్సింది తల ఎత్తి నిలబడ్డ పశువు మెడ నరంలో మూత లేకుండా వదిలేసిన సూది గురించి. ఊపిరి పీల్చినప్పుడల్లా అది గాలిని లోపలికి లాగగలదు.

అపోహ: ఏ మందు కారినా ఐస్ పెట్టాలి

కుక్కల జననాంగాల కణితికి వారం వారం ఇచ్చే విన్‌క్రిస్టిన్‌కు ఇది సరిగ్గా తిరగబడుతుంది. ఆ మందు కారితే కాపడం పెట్టాలి, ఐస్ పెడితే నష్టం ఎక్కువ. దీనికి కూడా సూది తీయకముందే మందు వెనక్కి లాగాలి. ఆ పూట బాగానే కనబడుతుంది, కొన్ని రోజులకు చర్మం నల్లబడి ఊడిపోతుంది. ఈ మందు వాడే ప్రతిసారీ కొత్త కాన్యులా పెట్టి, ముందు ఉత్త సెలైన్ పంపి చూశాకే ఇవ్వాలి.

అపోహ: కుక్క కాన్యులాను కొరికినా పైముక్క ఊడుతుంది, లోపలిది ఏమీ కాదు

లోపలి ముక్క తెగితే నెత్తురుతో పాటు గుండె వైపు ప్రయాణిస్తుంది. వెంటనే కాలికి గుచ్చిన చోటుకు పైన, గుండె వైపున, రబ్బరు పట్టీ బిగించి, కాలు కదలనివ్వకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్క తెగడానికి కుక్క పళ్లే అక్కర్లేదు. కాస్త వెనక్కి తీసిన ఇనుప సూదిని మళ్లీ ప్లాస్టిక్ గొట్టంలోకి తోసినా అది లోపలే చీలుతుంది. ప్లాస్టర్ కత్తిరించే కత్తెర కూడా ఆ పని చేస్తుంది, అందుకే కాన్యులా ఉన్న వైపు కాకుండా దానికి ఎదురు వైపు కత్తిరించాలి. తీశాక దూదితో మూడు నిమిషాలు నొక్కి పట్టుకోండి. అదే గేజ్ కొత్త కాన్యులా పక్కన దాన్ని పెట్టి, పొడవు సరిపోయిందో, కొస నున్నగా ఉందో చూశాకే పారేయండి.