జూడో, గాయాలు, నలభై దాటిన మోకాళ్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తాను. పగలు వేరేవాళ్ల భుజాలు, మోకాళ్లు సరిచేయడం, సాయంత్రం ఏడు దాటాక నావి పాడుచేసుకోవడం. అంటే జూడో. ముప్పై నాలుగో ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు నలభై రెండు. నడుముకు బ్రౌన్ బెల్టు ఉంది, ఎడమ భుజం మీద నిమ్మకాయంత గుబ్బ ఉంది. ఆ గుబ్బ సంగతి కాసేపట్లో చెబుతాను. క్లినిక్‌లో, మ్యాట్ మీద ఎనిమిదేళ్లుగా అవే మాటలు వింటున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ముప్పై దాటినంక జూడో ఏంది, ఎముకలు ఇరగ్గొట్టుకోనీకా?

ఈ ప్రశ్న మొదట అడిగింది మా అమ్మ. అంతర్జాతీయ జూడో సమాఖ్య వెటరన్స్ పోటీలు మొదలయ్యేదే ముప్పై ఏళ్ల నుంచి. ఐదేళ్లకో విభాగం చొప్పున అరవై దాటినవాళ్లు కూడా ఆడతారు. మా బ్యాచ్‌లో అందరికన్నా పెద్దాయన కాజీపేట రైల్వేలో ఉద్యోగి, యాభై ఒకటి. ఆయన మన జూడోగి, అంటే జూడో దుస్తుల కాలర్ పట్టుకున్నాడంటే విడిపించుకోవడానికి నిమిషం పడుతుంది.

అసలు తిప్పలు మనం గడిపే రోజుతో వస్తాయి. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుని, చెయ్యి పూర్తిగా పైకెత్తని భుజంతో నేరుగా వచ్చి గంటసేపు రాండోరి, అంటే నిజం కుస్తీలాంటి ప్రాక్టీసు చేస్తాం. కండకు కొన్ని వారాల్లో బలం వస్తుంది. ఎముకకు కండను అంటిపెట్టే టెండాన్‌కు నెలలు పడుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో ఎక్కువమంది మూడో నెలలో వస్తారు. అప్పటికి దమ్ము వచ్చి ఉంటుంది, కీళ్లకు ఇంకా వచ్చి ఉండదు.

అపోహ: ఎత్తి పడేస్తే దెబ్బలు తగులుతాయి

బయటినుంచి చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. సక్రమంగా పడినవాడు మాత్రం లేచి మళ్లీ కాలర్ పట్టుకుంటాడు. నేను చూసిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం పడనని మొండికేసినప్పుడు తగిలినవే. నాదీ అంతే.

మూడో ఏడు. అవతల ఒక డిగ్రీ కుర్రాడు, నాకన్నా పది కిలోలు తక్కువ. సియోనాగె వేశాడు, అంటే మన చెయ్యి పట్టి, వీపు మీదికి ఎక్కించుకుని ముందుకు విసిరే త్రో. శుభ్రంగా వేశాడు. నా కాళ్లు లేచిపోయాయి. ఆ అర సెకనులో నాకు తట్టింది ఒక్కటే, ఈ పిల్లగాని చేతిలో వెల్లకిలా పడొద్దని. గాల్లోనే మెలి తిరిగాను. వీపుకు బదులు ఎడమ భుజం కొన నేలకు తగిలింది. కాలర్ బోను చివర భుజాన్ని కలిసే చోట లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి పట్టే పట్టీలు, తెగాయి. 'కట్' మన్న శబ్దం పక్క జంటకు కూడా వినిపించిందట. గుబ్బ అప్పటిది. వీపు మీద పడి ఉంటే ఒక పాయింటు పోయేది, అదీ ఎవరూ లెక్కపెట్టని పాయింటు.

పడటం నేర్పే పాఠాన్ని ఉకెమి అంటారు. పెద్దవాళ్లకు ఇదంటే చిరాకు, మొదటి వారంలోనే 'త్రోలు ఎప్పుడు నేర్పిస్తారు సార్' అంటారు. ఉకెమిలో చూసుకోవాల్సినవి ఐదు. గడ్డం ఛాతీకి ఆనించి చూపు బెల్టు ముడి మీద పెట్టాలి, అప్పుడే తల వెనక భాగం నేలకు తగలదు. చెయ్యి ఒంటికి కొంచెం ఎడంగా, ముప్పై నలభై డిగ్రీల్లో, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి మ్యాట్‌ను చరచాలి. భుజం ఎత్తులోకి చాపి చరిస్తే భుజానికే ముప్పు. ఊపిరి వదలాలి, పక్కకు పడేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పడేటప్పుడు చెయ్యి నేలకు ఊతంగా పెట్టకూడదు. మణికట్టు, మోచేయి, కాలర్ బోను విరగడానికి అదే దగ్గరి దారి.

మ్యాట్ సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలాచోట్ల సిమెంటు గచ్చు మీద పజిల్ ముక్కల్లాంటి ఫోమ్ మ్యాట్లు వేస్తారు. ముక్కల మధ్య సందు పడితే కాలి వేలు అందులో ఇరుక్కుంటుంది. క్లాసుకు ముందు సందులు బిగించడం మా దగ్గర వంతుల వారీ డ్యూటీ.

అపోహ: నొప్పి పోయేదాకా మ్యాట్ ఎక్కొద్దు. దీని తోబుట్టువు: నొప్పి ఓర్చుకుంటేనే ఆట వస్తది

రెండో మాట చెప్పేవాళ్లు యమాషితను తెస్తారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జపాన్ ఆటగాడు యసుహిరో యమాషితకు కుడి పిక్క కండరం చిట్లింది, కుంటుతూనే ఫైనల్ ఆడి బంగారు పతకం గెలిచాడు. నిజమే. కానీ అది ఒలింపిక్ ఫైనల్, మనది మంగళవారం సాయంత్రం క్లాసు. ఆయన మరుసటి ఏడాదే పోటీల నుంచి తప్పుకున్నాడు. మనం బుధవారం పొద్దున స్కూటీ మీద పిల్లలను బడిలో దింపాలి. ఇంకో మాట: 1980లో ఇదే యమాషిత కాలు విరిగింది కానిబసామి అనే కత్తెర పట్టుతో. ఆ పట్టును తర్వాత నిషేధించారు. ఎవరైనా వీడియో చూసి వచ్చి దాన్ని 'ట్రై' చేద్దామంటే ఒప్పుకోకండి.

మొదటి మాట చెప్పేవాళ్లు ఎక్కువగా ఇంట్లోవాళ్లు. పూర్తి రెస్టు మొదటి రెండు మూడు రోజులకు మంచిదే. ఆరు వారాలు కదలకుండా ఉంటే కీలు బిగుసుకుపోతుంది, కండ కరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, నలభై దాటాక వాళ్లకు భుజం బిగుసుకునే జబ్బు మామూలువాళ్లకన్నా ఎక్కువగా వస్తుంది. దాన్ని చాలామంది జూడో దెబ్బ అనుకుంటారు.

నేను పేషెంట్లకు చెప్పే లెక్క ఇది. నొప్పికి పదికి మార్కులు వేయండి. చేసేటప్పుడు మూడు దాటకుండా, మర్నాడు పొద్దున లేచేసరికి ఎప్పటిలా ఉంటే కొనసాగించొచ్చు. పొద్దున వాపు ఉన్నా, కీలు బిగిసినా నిన్న చేసింది ఎక్కువైనట్టు. సగానికి తగ్గించండి, మానేయకండి.

నా భుజానికి నేనే పేషెంటును. మొదటి రెండు వారాలు స్లింగ్ వేసుకుని మ్యాట్ అంచున కూర్చుని చూశాను. బండి నడపలేక షేర్ ఆటోలో వెళ్లేవాణ్ని. మూడో వారం నుంచి కాళ్ల పని: బస్కీలు, అడుగులు తిప్పడం. రెండు నెలలు దాటాక కుడిచేత్తో రబ్బరు బెల్టు కట్టి ఉచికోమి, అంటే త్రో చివరిదాకా వేయకుండా లోపలికి దూరడం మళ్లీ మళ్లీ చేశాను. మూడో నెలలో ఉకెమి మళ్లీ ఒకటో తరగతి నుంచి: పడుకుని, గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద, చివరికి నిలబడి. రాండోరి ఐదో నెలలో. చిత్రమేమిటంటే, ఆ రెండు వారాలు ఊరికే కూర్చుని చూసినప్పుడే అవతలివాడు లాగే ముందు కాళ్లు ఎలా పెడతాడో నాకు మొదటిసారి కనబడింది.

కొన్నిటికి ఈ మార్కుల లెక్క పనికిరాదు. మోకాలు 'టప్' మని, రెండు మూడు గంటల్లోనే ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందనే అనుమానించాలి. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఉండొచ్చు, ఎక్స్‌రేలో అది కనబడదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తొమ్మిది నెలలు పోనివ్వాలి. ఆ తొమ్మిది నెలల వరకు ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగం తగ్గిందని 2016లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా డాక్టర్ దగ్గరికి. మూత్రం మీద అదుపు పోతే ఆ రాత్రికే ఆస్పత్రికి.

అపోహ: బెణికింది గంతే, కట్టు కట్టిస్తే సరిపోతది

మా బ్యాచ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడున్నాడు. ఇంటి నుంచే పని. చీలమండ మడతపడింది. ఆ రాత్రి ఫోన్ చేస్తే, "ఏం గాలేదన్నా, జర ఇరికింది, కట్టు కట్టిచ్చుకున్న" అన్నాడు. రెండు రోజులకు కుంటుకుంటూ వచ్చాడు. వెదురు బద్దలు, పైన గుడ్డు సొన పూసి ఎండిపోయిన గుడ్డ, బిర్రుగా. వేళ్లు నల్లబడ్డాయి, జుమ్మంటున్నాయన్నాడు. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. నాలుగు దాకా లెక్కపెట్టాను. కత్తెర తెచ్చి అక్కడే కట్టు కోసేశాను. ఎక్స్‌రేలో బయటివైపు ఎముక చివర సన్నని చీలిక.

కట్టు కట్టేవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎముకను కదలకుండా పట్టి ఉంచడమే చాలా విరుగుళ్లకు వైద్యం, ఆ సంగతి వాళ్లకు తరతరాలుగా తెలుసు. కానీ లోపల ఏముందో చూసే సాధనం వాళ్ల దగ్గర లేదు. వాపు ఇంకా పెరిగే రోజుల్లో బిర్రుగా కడితే రక్తం ఆగిపోతుంది. చీలమండకు ఎక్స్‌రే కావాలో వద్దో తేల్చడానికి కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి ఇచ్చారు. సారాంశం: నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ పక్కన పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పిగా ఉన్నా తీయించండి. అవేవీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

తాజా దెబ్బ మీద గట్టిగా మర్దన కూడా వద్దు, లోపలి రక్తస్రావం పెరుగుతుంది. ఐసు పెట్టొచ్చు, గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు, నొప్పి తగ్గడానికి. దానివల్ల త్వరగా మానుతుందని మాత్రం అనుకోకండి. రెస్టు, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత తనే ఒప్పుకున్నాడు.

అపోహ: ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ వచ్చింది, ఇక ఆట అయిపోయినట్టే

నడుము నొప్పి అసలే లేనివాళ్లకు స్కాన్ చేసినా బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం, కనబడుతుంది. అలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2015లో ప్రచురించిన సమీక్షలో ఇరవై ఏళ్లవాళ్లలో ముప్పై శాతం, నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి బల్జ్ ఉంది. వాళ్లెవరికీ నొప్పి లేదు. రిపోర్టు కాగితం పట్టుకుని నా దగ్గర ఏడ్చినవాళ్లున్నారు. రిపోర్టును పక్కన పెట్టి, వంగమని, కాలెత్తమని, వేళ్ల మీద నిలబడమని చూస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

అపోహ: తల తిరిగింది, నీళ్లు తాగి కూర్చుంటే చాలు

తలకు తగిలితే ఆ రోజుకు ఆట బంద్. ఎవరితోనూ వాదన లేదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతి అయినా, మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రి. ఏమీ లేకపోయినా ఒకటి రెండు రోజులు ఒంటికి, ఫోన్‌కు రెస్టు, తర్వాత మెట్లు మెట్లుగా, రాండోరికి డాక్టర్ సరే అన్నాకే. జపాన్ స్కూళ్లలో జూడోలో తల దెబ్బలతో పిల్లలు చనిపోయారు. కొత్తవాళ్లను వెనక్కి పడేసే 'ఓసోతోగారి' అనే త్రోతో ఉన్న ప్రమాదం అక్కడ బాగా తెలిసిన సంగతి. అందుకే మా క్లాసులో ఉకెమి రానివాళ్ల మీద ఆ త్రో వేయం.

ఇంకొన్ని, గబగబా

మోకాలికి తొడిగే 'నీ-క్యాప్' వేసుకుంటే ధైర్యం వస్తుంది, లిగమెంటు గట్టిపడదు. 'టెక్నిక్ ఉంటే బలం అక్కర్లేదు' అనేది జూడోకు 'మృదువైన మార్గం' అనే అర్థం ఉండటం వల్ల పుట్టిన మాట. 1882లో టోక్యోలోని ఒక గుడిలో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో చిన్న మనిషే, కానీ ఒళ్లు వంచని మనిషి కాదు. మన తాలీముల్లో పహిల్వాన్లు తీసే దండీలు, బస్కీలు వారానికి రెండుసార్లు తీసినా మోకాళ్లకు మేలు.

తామర గురించి ఎవరూ మాట్లాడరు. వానాకాలం మ్యాట్ మీద ఒకరికి వస్తే పదిమందికి పాకుతుంది. మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగదు. చర్మం డాక్టర్‌కు చూపించండి, మానేదాకా క్లాసుకు రాకండి. జూడోగి ప్రతిసారీ ఉతకండి. ప్రతిసారీ.

అపోహ: దెబ్బ సంగతి చెబితే పరువు తక్కువ

ఐదో నెలలో రాండోరికి దిగిన రోజు ముందుగా కాజీపేట పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే "ఏ భుజం తమ్మీ?" అన్నాడు. "ఎడమది అన్నా, అటు గుంజకు" అన్నాను. తలూపాడు. మొదటిసారి ఎవరితో ఆడాలో ఎంచుకోవాల్సి వస్తే బెల్టు రంగు కన్నా ఇలా అడిగే మనిషిని చూసుకోండి. అన్నిటికన్నా ప్రమాదం మంచి కండబలం ఉన్న రెండు నెలల వైట్ బెల్టు. తాను ఎక్కడ పడతాడో వాడికే తెలియదు.

మూడో రౌండులో పెద్దాయన కుడివైపు సియోనాగె వేశాడు. కాళ్లు లేచాయి. మళ్లీ ఆ అర సెకను. ఈసారి తిరగలేదు. వీపంతా ఒకేసారి మ్యాట్‌కు తగిలి, చెయ్యి చరిచిన చప్పుడుకు కింది అంతస్తు నుంచి వాచ్‌మన్ మెట్లెక్కి వచ్చి తొంగిచూశాడు. నేను వెల్లకిలా పడుకుని నవ్వుతుంటే, ఏం అర్థమైందో ఏమో, తలుపు దగ్గరకేసి వెళ్లిపోయాడు.