ఉంచాలా, పీకేయాలా: మేనేజర్ తగువు వెనక వందేళ్ల కథ

1986 నవంబరు నుంచి 2013 మే దాకా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు మేనేజర్, అంటే జట్టును నడిపించే కోచ్, ఒక్కడే, అలెక్స్ ఫెర్గూసన్. ఆయన దిగిపోయాక పన్నెండున్నరేళ్లలో ఆరుగురు వచ్చారు, ఆరుగురినీ పంపేశారు: మోయెస్, వాన్ గాల్, మౌరిన్హో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్. మధ్యలో తాత్కాలికంగా కుర్చీలో కూర్చున్నవాళ్ల లెక్క వేరే. "ఇతన్ని ఉంచాలా, పీకేయాలా" అన్న ప్రశ్న ఆ క్లబ్ అభిమానులకు ఏటా వచ్చే పండగలా తయారైంది. సీజన్ ఆగస్టులో మొదలైతే, దసరా దాటేసరికి ఈ చర్చ కూడా మొదలైపోతుంది.

దీనికీ అనంతపురానికీ ఏం సంబంధం అనుకోవద్దు. మనది క్రికెట్ ఊరే, కాదనను. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగితే జనం ఎగబడ్డారు. కానీ ఫుట్‌బాల్ కూడా ఈ జిల్లాలో గట్టిగానే వేళ్లూనుకుంది. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో ఇక్కడ ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ చలవతో స్పోర్ట్స్ విలేజ్ వచ్చింది, అకాడమీ వచ్చింది, ఆ అకాడమీకి స్పెయిన్‌లోని లా లిగా ఫౌండేషన్ తోడైంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఇక్కడ బంతి తంతున్నారు. ఇక రాత్రిపూట టీవీ ముందు, ఫోన్ ముందు కూర్చునేవాళ్లు సరేసరి. చలికాలంలో శనివారం మ్యాచ్‌లు మనకు రాత్రి ఎనిమిదిన్నరకు, ఆదివారం పెద్ద మ్యాచ్ పదింటికి. తెల్లారి సప్తగిరి సర్కిల్ వైపు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఎర్ర జెర్సీ వేసుకున్న కుర్రాడొకడు కనిపిస్తాడు.

"పీకేస్తే పోతాదన్నా, ఇంకెన్నాళ్లు చూడాల?" అంటాడు వాడు. "ఫెర్గూసన్‌ని కూడా అట్లే పీకేసింటే ఏమయ్యేదిరా?" అంటాడు పక్కనున్న పెద్దాయన. ఆ మాటతో కుర్రాడి నోరు మూతపడుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ వాదనలో తురుపు ముక్క అదే. అదెంత గట్టి ముక్కో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

మొదట్లో అసలు మేనేజర్ అనేవాడే లేడు. 1886లో ఆస్టన్ విల్లా జార్జ్ రామ్సేను జీతానికి పెట్టుకుంది గానీ ఆయన హోదా కార్యదర్శి. ఆ రోజుల్లో ఎవరు ఆడాలో తేల్చేది డైరెక్టర్ల కమిటీ. ఓడితే తిట్లూ కమిటీకే. జీతగాణ్ని పంపినా పట్టికలో ఏమీ మారదు. ఈ పద్ధతిని తిరగేసినవాడు హెర్బర్ట్ చాప్‌మన్. హడర్స్‌ఫీల్డ్‌కు వరసగా రెండు లీగ్ టైటిళ్లు గెలిపించి 1925లో ఆర్సెనల్‌కు వచ్చాడు. జట్టు ఎంపిక, ఆటగాళ్ల కొనుగోలు, శిక్షణ, అన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. అంతటివాడికీ ఆర్సెనల్‌లో మొదటి కప్పు గెలవడానికి 1930 దాకా పట్టింది. ఇంగ్లండ్ జాతీయ జట్టు ఇంకా నిదానం. 1946 నుంచి 1962 వరకు వాల్టర్ వింటర్‌బాటమ్ మేనేజర్, ఎంపిక మాత్రం కమిటీది. తర్వాత వచ్చిన ఆల్ఫ్ రామ్సే జట్టును తానే ఎంపిక చేస్తానని పట్టుబట్టాడు. 1966లో ప్రపంచకప్ తెచ్చాడు.

అధికారం చేతికి వచ్చింది కాబట్టి తప్పు కూడా నెత్తికి వచ్చింది. మేనేజర్‌ను తీసేయడం అనేది అక్కడి నుంచే అర్థమున్న పని అయింది.

ఒక్క మనిషి చుట్టూ అంతా కట్టుకుంటే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి ఆయనే, సిటీ పోలీసు జట్టుకు కోచ్ ఆయనే, దేశపు జట్టుకూ ఆయనే. సిటీ పోలీసు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు కొట్టింది. భారత్ 1951లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చేనాటికి రహీమ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్‌లో ఆయన పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మనకు రాలేదు. రహీమ్‌ను ఎవరూ తీసేయలేదు. ఆయన లేనప్పుడు ఏం చేయాలో ఎవరూ ఆలోచించి పెట్టలేదు, అంతే.

మాంచెస్టర్‌లోనూ అదే జరిగింది, ఒకసారి కాదు రెండుసార్లు. మాట్ బస్బీ 1945 నుంచి 1969 దాకా క్లబ్‌ను ఏలాడు. మ్యూనిక్ విమాన ప్రమాదంలో సగం జట్టును పోగొట్టుకుని, పదేళ్లకు 1968లో యూరోపియన్ కప్ గెలిచాడు. దిగాక కూడా క్లబ్ వదల్లేదు. వారసుడు విల్ఫ్ మెక్‌గిన్నెస్ ఏడాదిన్నరకే పోయాడు. బస్బీ మళ్లీ వచ్చి కొన్ని నెలలు నడిపాడు. ఫ్రాంక్ ఓఫారెల్ వచ్చాడు, పోయాడు. యూరప్ గెలిచిన ఆరేళ్లకు, 1974లో, యునైటెడ్ రెండో డివిజన్‌కు పడిపోయింది. అప్పుడు మేనేజర్ టామీ డోకర్టీ. జట్టు దిగజారినా బోర్డు అతన్ని ఉంచుకుంది. ఏడాది తిరక్కుండానే జట్టు పైకి వచ్చింది, 1977లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలిచింది. అదే వేసవిలో అతని సొంత వ్యవహారమొకటి బయటపడి ఉద్యోగం ఊడింది. కింద పడ్డప్పుడు ఉంచుకుని, కప్పు తెచ్చాక పంపారన్నమాట. ఫెర్గూసన్ కథ చెప్పేవాళ్లు డోకర్టీని ఎందుకు మర్చిపోతారో నాకైతే అర్థం కాదు.

ఇక ఆ తురుపు ముక్క సంగతి. ఫెర్గూసన్ వచ్చేనాటికి యునైటెడ్ ఇరవై రెండు జట్లలో కింది నుంచి రెండోది. ఆ సీజన్ పదకొండో స్థానంలో ముగిసింది, తర్వాతిది రెండో స్థానంలో, మళ్లీ పదకొండు. 1989 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1. డిసెంబరులో సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుతుంటే ఒక అభిమాని దుప్పటి మీద రంగుతో రాసి ఎత్తి పట్టుకున్నాడు: మూడేళ్ల సాకులు, ఆట ఇంకా చెత్తే, ఇక సెలవు ఫెర్గీ అని. ఆ మ్యాచ్ కూడా ఓడారు. 1990 జనవరి 7న ఎఫ్‌ఏ కప్ మూడో రౌండులో నాటింగ్‌హమ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ కొట్టిన ఒక్క గోలుతో గట్టెక్కారు. ఆ గోలే ఫెర్గూసన్ ఉద్యోగం కాపాడిందని కథ. మే నెలలో అదే ప్యాలెస్‌తో ఫైనల్ 3-3 అయి, మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో 1-0తో కప్పు దక్కింది. ఆ ఏడు లీగ్‌లో మాత్రం పదమూడో స్థానమే. లీగ్ టైటిల్‌కు 1993 దాకా ఆగాల్సి వచ్చింది.

కథ బాగుంది. కానీ అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ ఎప్పుడూ చెప్పే మాట వేరు: ఆ మ్యాచ్ ఓడినా ఫెర్గూసన్‌ను తీసేసే ఆలోచన లేదు, యువ జట్ల దగ్గర జరుగుతున్న పని తమకు కనిపిస్తోంది అని. రయాన్ గిగ్స్ పద్నాలుగేళ్ల వయసులో క్లబ్‌లో చేరింది 1987లో. 1992లో యూత్ కప్ గెలిచిన పిల్లలే ఆ దశాబ్దాన్ని నడిపించారు. బోర్డు ఓపిక పట్టిందంటే కళ్లు మూసుకుని పట్టలేదు. పట్టిక పక్కనపెట్టి చూడటానికి వాళ్లకు ఇంకేదో ఉంది. ఇవాళ ఏ మేనేజర్ కోసమైనా ఫెర్గూసన్ పేరు వాడేవాళ్లు ఆ ఇంకేదో ఏమిటో చూపించాలి. ఊరికే టైమివ్వాలి అంటే సరిపోదు.

ఎందుకంటే టైమిచ్చి మునిగినవాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. సౌతాంప్టన్ రాల్ఫ్ హాసెన్‌హుట్ల్‌ను 2019లో లెస్టర్ చేతిలో 9-0 తర్వాతా ఉంచింది, 2021లో యునైటెడ్ చేతిలో మళ్లీ 9-0 తర్వాతా ఉంచింది. చివరికి 2022 నవంబరులో పంపి, ఆ సీజన్‌లోనే ఇంకో ఇద్దర్ని మార్చి, అట్టడుగున మిగిలి కింది డివిజన్‌కు పోయింది. ఉంచడమూ పనిచేయలేదు, మార్చడమూ పనిచేయలేదు. చెల్సీది దీనికి తలకిందులు. 2012 మార్చిలో మేనేజర్‌ను మార్చి మేలో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది, 2021 జనవరిలో మార్చి మళ్లీ మేలో గెలిచింది. గెలిపించిన డి మాటియోను ఆరు నెలలకు, టూహెల్‌ను ఏడాదిన్నర లోపు పంపేసింది కూడా. అక్కడ జట్టులో సరుకు ఉంది, నడిపేవాడు మారితే చాలు. ఆర్సెనల్ ఆర్టెటాను వరసగా రెండుసార్లు ఎనిమిదో స్థానంలో ముగించినా, 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ఓడినా ఉంచుకుంది. తర్వాత వరసగా మూడేళ్లు రెండో స్థానంలో నిలిచింది.

కొత్తవాడు రాగానే జట్టు గెలవడం మొదలుపెడుతుందన్నది కూడా కొంత భ్రమే. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా లెక్కలు తీసిన ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్‌కు తేలింది ఇదీ: వరసగా ఓడి మేనేజర్‌ను మార్చిన జట్లూ, అలాగే ఓడి మార్చని జట్లూ, దాదాపు ఒకేలా కోలుకున్నాయి. మరీ పాతాళానికి పోయాక ఎలాగూ కొంత పైకి వస్తారు. సోల్‌షేర్ విషయం చూడండి. 2018 డిసెంబరులో తాత్కాలికంగా వచ్చి మొదటి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచాడు, పారిస్ వెళ్లి పీఎస్‌జీని 3-1తో ఓడించాడు. మార్చి నెలాఖరులో ఉద్యోగం పర్మనెంట్ చేశారు. ఆ సీజన్ చివరి రెండు మ్యాచ్‌లు అప్పటికే కింది డివిజన్‌కు పడిపోవడం ఖాయమైన హడర్స్‌ఫీల్డ్‌తో డ్రా, కార్డిఫ్ చేతిలో సొంతగడ్డ మీద 0-2.

ఫెర్గూసన్ తర్వాతి యునైటెడ్‌లో అసలు రోగం వేరే చోట ఉందని నా అభిప్రాయం. ఒకడు వస్తాడు, తన ఆటకు తగ్గవాళ్లను కొనిపిస్తాడు. వాడు పోతాడు, కొన్నవాళ్లు మిగిలిపోతారు. తర్వాత వచ్చినవాడి ఆట ఇంకోలా ఉంటుంది. టెన్ హాగ్ తను పనిచేసిన అయాక్స్ నుంచి ఆంటోనీని, లిసాండ్రో మార్టినెజ్‌ను తెచ్చుకున్నాడు, ఒకప్పుడు అక్కడ ఆడిన ఒనానా, డి లిఖ్ట్, మజ్రావీలనూ తెచ్చుకున్నాడు. అమోరిమ్ వచ్చి ముగ్గురు డిఫెండర్లతో ఆడాలన్నాడు. ఆ పద్ధతికి ప్రాణం లాంటి వింగ్ బ్యాక్‌లు, అంటే మైదానం అంచుల వెంబడి ముందుకూ వెనక్కీ పరిగెత్తేవాళ్లు, జట్టులో లేరు. 2024-25లో 42 పాయింట్లతో పదిహేనో స్థానం, 1974లో దిగజారిన తర్వాత ఇదే అధమం. 2021 దాకా యునైటెడ్‌లో ఫుట్‌బాల్ డైరెక్టర్ అన్న పదవే లేదంటే చూడండి, ఏ ఆటగాడు ఎందుకు కావాలో పదేళ్లపాటు గుర్తుపెట్టుకునేవాడే లేడు.

మార్పులకు అయిన ఖర్చు కూడా తక్కువేం కాదు. 2024 మేలో ఎఫ్‌ఏ కప్ గెలిచాక టెన్ హాగ్ ఒప్పందాన్ని జూలైలో 2026 దాకా పొడిగించారు, అక్టోబరు 28న తీసేశారు. అతనికీ అతని సిబ్బందికీ ఇచ్చి పంపింది 1.04 కోట్ల పౌండ్లు, మన డబ్బులో వంద కోట్లకు పైనే. అదే వేసవిలో తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ యాష్‌వర్త్‌ను ఐదు నెలలకు సాగనంపడానికి ఇంకో 41 లక్షల పౌండ్లు. అమోరిమ్‌ను తీసుకున్నప్పుడు హోదా మేనేజర్ కాదు, హెడ్ కోచ్. అంటే కొనుగోళ్లలో చివరి మాట పైవాళ్లది. ఆ అధికారం మీదే పేచీ ముదిరి 2026 జనవరిలో అతన్నీ పంపేశారు. చాప్‌మన్ కమిటీ చేతిలోంచి గుంజుకున్నది వందేళ్లకు మళ్లీ పైఅంతస్తుకు చేరింది, తిట్లు మాత్రం ఇంకా కిందివాడికే.

ఆ పద్ధతి స్పెయిన్‌లో పాతదే. అక్కడ అధ్యక్షుడే అంతా. రియల్ మాడ్రిడ్‌కు రెండు ఛాంపియన్స్ లీగ్‌లు, రెండు లీగ్‌లు తెచ్చిన విసెంటె డెల్ బోస్క్‌ను 2003లో లీగ్ గెలిచిన మర్నాడే వద్దన్నారు. మళ్లీ లీగ్ గెలవడానికి 2007 దాకా పట్టింది. ఆయన మాత్రం 2010లో స్పెయిన్‌కు ప్రపంచకప్ తెచ్చాడు.

మన తెలుగు క్లబ్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్ మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తీసేసింది, అయినా చివరి స్థానమే. 2020లో మనోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి ఏడాది ఐదో స్థానం. ఎవరూ కంగారుపడలేదు. కుర్రాళ్లను పెట్టుకుని ఆడించాడు. 2022 మార్చిలో గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి దేశంలోని పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచారు, మరుసటి ఏడాది రెండో స్థానం. తర్వాత మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్లాడు. క్లబ్‌లో జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్లు వరసగా వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24 సీజన్ మొత్తంలో గెలిచింది ఒక్క మ్యాచ్. అప్పుడు కోచ్‌గా ఉన్న తంగ్బోయ్ సింగ్తోను తీసేసి ఫెర్గూసన్‌నే తెచ్చినా చేయగలిగేది లేదు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. శ్రీనిధి దక్కన్ అని ఇంకో క్లబ్ ఉంది గానీ, దాని కోచ్‌ను పీకేయాలని టీ కొట్టు దగ్గర కొట్లాడుకునేవాళ్లు మన ఊళ్లో ఇంకా తయారు కాలేదు.